ఫోటోలో సైకిళ్ళు మనవి కావు నాన్నా

కాంటన్, మిషిగన్
జూలై 21

నాన్నకు,

ఇక్కడ నేను, మీ అల్లుడు, మీ మనవరాలు చిట్టి ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు, అమ్మ, తమ్ముడు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆదివారం ఫోను పెట్టేసినప్పటినుంచి మనసు మనసులో లేదు. ఫోనులో నీకు సగమే వినిపిస్తుంది. వినిపించని సగంలో నేను ఏదో దాస్తున్నానని అనుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, ఎవరిచేతా చదివించుకోనక్కర్లేదు.

ముందు అసలు సంగతి. మాకినా దీవికి వెళ్ళినప్పుడు తీసి పంపిన ఆ ఫోటోలో, ట్రైలర్ (వ్యాను వెనక తగిలించి లాగే పడకబండి) వెనక వేలాడుతున్న సైకిళ్ళు మనవి కావు. పక్కన దిగిన వాళ్ళవి. మన ట్రైలర్ దానికి ఎడమ పక్కన, సగం చెట్టు చాటున ఉన్నది, చిన్నది, తెల్లది. మన సైకిళ్ళు వ్యానుకూ ట్రైలర్‌కూ మధ్యలో ఉన్నాయి. తమ్ముడు ఫోటోను పెద్దది చేసి మరీ చూపించి "చూడు, అక్క ఎలా కట్టిందో" అన్నాడట. వాడికి నా తరఫున రెండు మొట్టికాయలు వెయ్యి.

"ఇరుసు వెనక బరువు పెడితే బండి తోక ఆడిస్తుంది" అని నువ్వు అరిచిన అరుపు మీ అల్లుడికి వంటింట్లోకి వినిపించింది. నాకు ఆ సంగతి తెలియకనా? రాజమండ్రి డిపోలో అంతకాలం బస్సు నడిపినవాడి కూతుర్ని. ట్రైలర్‌కు ఉన్నది ఒక్కటే ఇరుసు. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతుల దాకా వ్యాను వెనకనున్న ఇనుప బంతి మీద పడాలి. వెనక్కి ఎంత బరువు చేరితే ముందు అంత తేలిపోతుంది. ముందు తేలిన ట్రైలర్‌ను ఒక్క గాలి తోపు చాలు, అటూ ఇటూ ఊపేస్తుంది. పైగా వెనక చివర గతుకులకు ఎక్కడా లేనంత ఎగురుడు ఉంటుంది. ట్రైలర్ వెనక బిగించవద్దని చాలా సైకిల్ ర్యాకుల మీద తయారు చేసినవాళ్ళే రాస్తారు. ఆ పక్కవాళ్ళ ట్రైలర్‌కు వెనక బంపరు పలచటి రేకు గొట్టం, దానికి రెండు బరువైన బ్యాటరీ సైకిళ్ళు కట్టారు. సాయంత్రం వాళ్ళాయన బంపరు అతుకు దగ్గర వంగి టార్చి వేసి చూస్తూ ఉంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. పిలిచి చెబుదామా అనుకున్నాను. మీ అల్లుడు చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

మరి మనం ఏం చేశామంటే, ట్రైలర్ ముందు భాగాన వ్యాను వైపు పొడుచుకొచ్చిన రెండు కమ్మీలు ఉంటాయి కదా, వాటి మీద బ్యాటరీ, సామాను పెట్టుకునే పెట్టె ఉంది. ఆ పెట్టెకు పైన నిలబడేలా ఒక స్టాండు బిగించాం. మూడు సైకిళ్ళూ దాని మీదే. స్టాండుతో కలిపి 60 కిలోల దాకా ఉంటాయి. ఇప్పుడు ముందు బరువు ఎక్కువైపోదా అని అడుగుతావు. అవుతుంది. అందుకే తూచాను.

ఎలా తూచానో చెబితే నీకు ముచ్చటేస్తుంది. స్నానాల గదిలో మనుషులు ఎక్కి నిలబడే తూకం ఉంటుంది చూడు, అదే. దాని మీద నేరుగా మోపితే పగిలిపోతుంది. కాబట్టి మూడడుగుల పలక ఒకటి తీసుకుని ఒక చివర ఇనుప గొట్టం మీద, ఇంకో చివర తూకం మీద ఆనించాను. గొట్టానికి ఒక అడుగు దూరంలో, తూకానికి రెండడుగుల దూరంలో ట్రైలర్ ముక్కును దించాను. అప్పుడు తూకం మీద మూడో వంతు బరువే పడుతుంది. ముల్లు 36 చూపించింది. అంటే 108 కిలోలు. సామానుతో కలిపి ట్రైలర్ మొత్తం 720. సరిగ్గా అంచు మీద ఉన్నాం. వ్యాను మోయగలదు, దానికి 150 కిలోల పైనే పడుతుంది, కానీ అంచు మీద ఉండటం నాకు నచ్చలేదు. మన ట్రైలర్‌కు వంటిల్లు వెనక ఉంటుంది, తలుపు పైకెత్తి బయట నిలబడి వండుకోవాలి. ముందు పెట్టెలో ఉన్న బియ్యం, కుక్కరు, నీళ్ళ డబ్బాలు, అమ్మ పంపిన ఆవకాయ సీసాతో సహా వెనక వంటింట్లోకి చేర్చాను. మళ్ళీ తూస్తే 32. మూడుతో గుణించుకో. ఇంక మాట్లాడకు.

వ్యాను పైన ఎందుకు కట్టలేదు అంటావేమో. నా ఎత్తు నీకు తెలుసు. పల్లె బస్సుల మీదికి సైకిళ్ళు, పాల క్యాన్లు ఎక్కించడానికి వెనక నిచ్చెన ఉండేది, ఎక్కించే మనిషి ఉండేవాడు. ఇక్కడ ఆ రెండూ నేనే. లోపల పరుపు మీద పడుకోబెడదాం అన్నాడు మీ అల్లుడు. గొలుసు గ్రీజు దుప్పటికి అంటితే ఉతికేది ఎవరో అడిగాను, ఊరుకున్నాడు.

ఈ పద్ధతిలోనూ చిక్కు లేకపోలేదు. మలుపు బాగా కోసినప్పుడు, ముఖ్యంగా వెనక్కి నడిపేటప్పుడు, సైకిల్ హ్యాండిల్ వచ్చి వ్యాను వెనక అద్దానికి తగలవచ్చు. బయలుదేరేముందు ఖాళీగా ఉన్న బడి ఆవరణలో ఆయన్ను బయట నిలబెట్టి, ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూశాను. అద్దానికీ హ్యాండిల్‌కూ మధ్య జానెడు మిగిలింది. హ్యాండిళ్ళను పక్కకు తిప్పి, ముందు చక్రాలు కదలకుండా పట్టీలు బిగించాను. వ్యాను వెనక తలుపు తెరవడం మాత్రం కుదరదు, తినుబండారాలన్నీ చిట్టి కాళ్ళ దగ్గరే. అది ఊరు దాటకముందే చేగోడీలు అవగొట్టింది.

ఆఫీసు సంగతి మామూలే. మీ అల్లుడి ప్రాజెక్టు సెప్టెంబరు దాకా ఉంది. తరవాతిది తరవాత.

అమ్మ ఫోనులో పైకి అనలేదు కానీ నాకు అర్థమైంది. ట్రైలర్ కొనడానికి డబ్బులున్నాయి, ఇంటికి రావడానికి లేవా అని. అమ్మా, అది వాడిన ట్రైలర్, మా ఇద్దరి టిక్కెట్ల ఖరీదు కూడా చెయ్యదు. రాకపోవడానికి కారణం డబ్బు కాదు. వస్తే వీసా ముద్ర వేయించుకుని గానీ తిరిగి రాలేం. ఆ ముద్రకు తేదీ ఎప్పుడు దొరుకుతుందో, ఈలోగా ఆయన ఉద్యోగం ఏమవుతుందో. రాలేక ఇక్కడే ఉన్న వేసవిలో పిల్లను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టమంటావా? ఇంతకన్నా రాయను, రాస్తే ఏడుపొస్తుంది.

దారిలో దాటిన వంతెన సంగతి రాయాలి. మాకినా వంతెన నాన్నా, 8 కిలోమీటర్లు. మన కొవ్వూరు వంతెనకు రెండింతలు వేసుకో. 1957లో తెరిచారు. నడిమధ్యన నీళ్ళకు దాదాపు 200 అడుగుల ఎత్తున ఉంటాం. వెళ్ళేవైపు రెండు వరసలుంటే బయటిది మామూలు రోడ్డు, లోపలిది ఇనుప జాలీ, కిందనున్న సరస్సు కనిపిస్తూ ఉంటుంది. గాలి ఎక్కువైతే అందరినీ గంటకు 20 మైళ్ళకు దింపేస్తారు. ఎత్తైన బళ్ళకూ పెట్టెల్లాంటి ట్రైలర్లకూ వంతెన వాళ్ళ బండి తోడు వస్తుంది. ఇంకా పెరిగితే ఎవరినీ పోనివ్వరు. నడపడానికి భయపడే వాళ్ళుంటే వాళ్ళ మనిషే వచ్చి కారు దాటిస్తాడు. అమ్మ లాంటి వాళ్ళు ఇక్కడా ఉన్నారన్నమాట. సైకిలు తొక్కుతూ దాటడం మాత్రం నిషిద్ధం. మేం వెళ్ళిన రోజు గాలి తక్కువే. బయటి వరసలోనే మెల్లగా నడిపాను. నన్ను బస్సు ఇంజను మూత మీద కూర్చోబెట్టుకుని గోదావరి దాటించేవాడివి, కాళ్ళకింద వేడి సెగ కొట్టేది. ఇక్కడ చిట్టి వెనక సీటులో కళ్ళు మూసుకుని అయిపోయిందా, అయిపోయిందా అని అడుగుతూనే ఉంది.

పెద్ద రోడ్డు మీద ఎంత వేగం అని అడిగావు. 60 మైళ్ళు, అంటే మీ లెక్కలో దాదాపు 97 కిలోమీటర్లు. ట్రైలర్ టైర్లకు అంతకన్నా మంచిది కాదు. లారీ దాటినప్పుడు ఒకసారి దానివైపు లాగినట్టు, ఒకసారి అవతలికి నెట్టినట్టు ఉంటుంది, అంతే. ఒకవేళ ఊగితే బ్రేకు తొక్కకూడదు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. స్టీరింగు పక్కన చిన్న మీట ఉంది, అది నొక్కితే ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడుతుంది, అదే వెనక్కి పట్టి సర్దుతుంది. దాని అవసరం పడలేదు. ఆగిన ప్రతిచోటా నువ్వు రాడ్డుతో టైర్లు కొట్టి చూసేవాడివి కదా. నేను ఒక్కో చక్రం నట్టనడుమ అరచెయ్యి ఆనించి వేడి చూస్తున్నాను, పట్టీలు లాగి చూస్తున్నాను. మొదటి యాభై కిలోమీటర్లలోనే కొంచెం వదులవుతాయి. అప్పుడు బిగిస్తే ఇక కదలవు.

ఇంత అవస్థ ఎందుకు, సైకిళ్ళు ఆ దీవిలోనే అద్దెకు దొరకవా అంటే, దొరుకుతాయి. మాకినా దీవిలో 1898 నుంచి కార్లు నిషేధం. గుర్రపు బళ్ళు, సైకిళ్ళు, నడక. ఊరంతా గుర్రపు పేడ వాసన, మిఠాయి కొట్ల వాసన కలిసి వస్తుంది. అద్దె సైకిళ్ళ కొట్లు పడవ దిగగానే ఉన్నాయి. కానీ చిట్టికి తన సైకిలే కావాలి. వెనక చిన్న చక్రాలు మొన్నమొన్ననే తీశాం. కొత్త సైకిలు ఇస్తే కాళ్ళు అందక మళ్ళీ భయపడుతుంది. దీవి చుట్టూ నీళ్ళ పక్కనే 13 కిలోమీటర్ల దారి, ఎక్కడా మోటారు బండి ఎదురు రాదు. అది మొత్తం తొక్కింది నాన్నా. ఒక్కచోట, ఆకాశంలోకి లేచిన రాతి తోరణం కింద, దిగి నీళ్ళు తాగింది, అంతే. ఆయన వెనకబడ్డాడు. పడవలోకి ఎక్కించేటప్పుడు పడవవాళ్ళు దాని సైకిలును ఒంటిచేత్తో ఎత్తుకుపోతుంటే, దాని మొహం చూడాలి, ఎవరో ఎత్తుకుపోతున్నట్టు.

కంటి ఆపరేషన్ శ్రావణం తరవాత అన్నావట. శ్రావణానికీ కంటికీ ఏం సంబంధం? తమ్ముడిని తేదీ తీసుకోమన్నాను. అమ్మ మోకాళ్ళ నూనె ఎవరైనా వచ్చేవాళ్ళ చేత పంపిస్తాను.

ఇంకొకటి. మా ట్రైలర్‌కు స్టెప్నీ చక్రం వెనక తలుపు పక్కన బిగించి ఉంది. బరువు 15 కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని ఇరుసు దగ్గరికి, కిందివైపుకు మార్చాలని ఆయన అంటున్నాడు. కింద పెడితే బురద కొడుతుంది, రోడ్డు పక్కన పంక్చరైతే కిందకు దూరి తీయాలని నేను అంటున్నాను. నువ్వైతే ఎక్కడ పెడతావు? ఫోనులో వద్దు, రాసి పంపు. బొమ్మ గీసి పంపినా సరే.

ఇట్లు
నీ పెద్దమ్మాయి