అవతరణ తేదీ ఒక్కటే ఉండాలా?

సంపాదకులకు,

అక్టోబరు, నవంబరు నెలలొస్తే చాలు, రాష్ట్ర అవతరణ దినం ఏదన్న వాదన మళ్లీ లేస్తుంది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953 అక్టోబరు 1 అంటాం మా కర్నూలువాళ్లం. తెలంగాణ కలిసిన 1956 నవంబరు 1 అని కొందరు, విడిపోయిన 2014 జూన్ 2 అని ఇంకొందరు. మూడూ నిజమైన తేదీలే. ఒకదాన్ని నిలబెట్టడానికి మిగతా రెంటినీ కొట్టేయడమే నాకు మింగుడుపడదు.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అడంగళ్లలో, అంటే ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకాల్లో, ఏడాది జనవరిలో మొదలుకాదు, ఉగాదికీ కాదు. జులై 1న మొదలవుతుంది. 2023 జులైలో వచ్చింది 1433వ ఫసలీ సంవత్సరం. పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి శిస్తు వసూలు కావాలని మొగలాయిలు పెట్టిన లెక్క. వాళ్లు పోయారు, తర్వాత దొరలూ పోయారు, లెక్క మిగిలింది.

చరిత్రలో యుగాలు కూడా ఎవరో ఒకరు తమ అవసరానికి గీసుకున్న గీతలే. మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ కాలాలుగా కోసిన బ్రిటిష్ చరిత్రకారుడు జేమ్స్ మిల్ ఈ దేశంలో అడుగే పెట్టలేదు. 1817లో ఆయన పుస్తకం అచ్చయింది. ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలని ఇప్పుడు పేర్లు మార్చుకున్నాం గానీ గీతలు దాదాపు అక్కడే ఉన్నాయి. 1565 తళ్లికోట యుద్ధంతో విజయనగరం పని అయిపోయిందని పిల్లలు బట్టీపడతారు. పెనుకొండ రాజధానిగా ఆ రాజ్యం ఆ తర్వాతా నడిచింది కదా! తిరుగుబాటంటే 1857 అంటారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసింది 1847లో. పోనీ, నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసిన 1800ను సీమ మొత్తానికి గీతగా పెట్టుకుందామా? కర్నూలులో 1839 దాకా నవాబే ఉన్నాడు.

ఇక ఊళ్లలో లెక్కే వేరు. 1876లో మొదలైన ధాత కరువు పేరు ఏ రాజుదీ కాదు, ఆ తెలుగు సంవత్సరానిది. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు పెళ్లయినా, పురుడైనా ముంపుకు ముందా, తర్వాతా అనే చెబుతారు. వాళ్లను నవంబరు 1 గురించి అడిగి చూడండి.

అందుకే నా విన్నపం చిన్నది. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ప్రతి జిల్లాకూ ఒక పేజీ వదలాలి. అక్కడి తేదీలు వేసి, ఒక్కోదాని పక్కన అది ఎవరు, దేనికోసం పెట్టారో రాయాలి. కర్నూలు పేజీలో 1953 నాడు గుడారాల్లో నడిచిన సర్కారు ఆఫీసులూ ఉండాలి, ముంపు గ్రామాల పేర్లూ ఉండాలి. పుస్తకం మారేదాకా ఆగక్కర్లేదు, బడిగోడ మీద రాయించడానికి హెడ్మాస్టరు చాలు.

— ఒక పాఠకుడు, కర్నూలు