భూమి లోపల లావా సముద్రం లేదు

సంపాదకుల వారికి,

భూకంపం వచ్చినప్పుడో అగ్నిపర్వతం బద్దలైనప్పుడో పత్రికల్లో ప్రచురించే బొమ్మల్లో భూమిని నిలువునా కోసి, పైన పలుచని రాతి పొరను, దాని కింద ఎర్రగా మరుగుతున్న ద్రవాన్ని చూపిస్తుంటారు. ఖండాలు ఆ ద్రవం మీద తేలుతున్నాయని కూడా రాస్తారు. పిల్లల మనసులో ఆ బొమ్మే నాటుకుపోతుంది కనుక, అది వాస్తవం కాదని మనవి చేస్తున్నాను.

భూపటలం మందం సముద్రాల అడుగున 5 నుంచి 10 కిలోమీటర్లు, ఖండాల కింద సుమారు 30 నుంచి 70 కిలోమీటర్లు. దాని దిగువన దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు వ్యాపించిన ప్రావారం (మాంటిల్) భూమి ఘనపరిమాణంలో ఐదింట నాలుగు వంతులకు పైనే. ఇదంతా దాదాపు పూర్తిగా గట్టి రాయి. నిజంగా ద్రవరూపంలో ఉన్న పొర దానికీ కిందనున్న బాహ్య కేంద్రమండలం. అందులో ఉన్నది లావా కాదు, ప్రధానంగా కరిగిన ఇనుము, నికెల్.

6,371 కిలోమీటర్ల వ్యాసార్ధంలో మనిషి తవ్విన అత్యంత లోతైన రంధ్రం, రష్యాలోని కోలా బోరు, 12,262 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. అయినా లోపలి సంగతి తెలిసిందంటే అది భూకంప తరంగాల వల్లనే. వీటిలో మొదట చేరేవి ప్రాథమిక (P) తరంగాలు, తరువాత చేరేవి ద్వితీయ (S) తరంగాలు. ద్వితీయ తరంగాలు ద్రవం గుండా ప్రయాణించలేవు. అవి ప్రావారాన్ని దాటుతాయి, బాహ్య కేంద్రమండలం దగ్గర నిలిచిపోతాయి. ప్రాథమిక తరంగాలు రాకూడని చోట బలహీనంగా నమోదవడాన్ని పరిశీలించిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్, ఆ ద్రవం లోపల మరో కేంద్రమండలం ఉందని 1936లో ప్రకటించారు. అది ఘనపదార్థమని తరువాత రుజువైంది.

గట్టి రాయి అయితే ఖండాలు ఎలా కదులుతాయన్న ప్రశ్న సహజమే. హిమానీనదంలోని మంచు గట్టిదే అయినా మెల్లగా ప్రవహిస్తుంది. అధిక ఉష్ణోగ్రత వల్ల ప్రావారంలోని రాయి కూడా అంతకంటే ఎంతో నెమ్మదిగా అలాగే సాగుతుంది. గత మంచుయుగంలో మంచు బరువుకు కుంగిన స్కాండినేవియా నేల, ఆ మంచు కరిగి వేల ఏళ్లు గడిచినా, బోత్నియా సింధుశాఖ తీరాన ఇంకా ఏటా సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లేస్తూనే ఉంది. కింద ఉన్నది పలుచని ద్రవమే అయితే ఆ నేల ఎప్పుడో తన స్థానానికి చేరుకునేది. ఈ నెమ్మదైన ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోకుండా, భూమి రాతిలో వేడి ప్రసరించి మాత్రమే చల్లబడుతోందని భావించడం వల్లనే, భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ అంతటి వారు భూమి వయసును కొద్ది కోట్ల ఏళ్లుగానే అంచనా వేశారు. లోపలి పదార్థం కదులుతూ ఉంటే వయసు ఎంతో పెరుగుతుందని ఒకప్పుడు ఆయనకు సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే ఎత్తి చూపారు. ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో తేల్చారు.

ఇక లావా విషయం. సముద్రమధ్య పర్వతశ్రేణుల కింద పైకి లేచే వేడి రాయి, అదనపు వేడి ఏమీ అందకుండానే, ఒత్తిడి తగ్గినందువల్ల కొంతమేర కరుగుతుంది. భూమి పైపొరలో మెల్లగా కదిలే భారీ రాతి పలకలను ఫలకాలంటారు; ఒక ఫలకం మరొకదాని కిందికి దిగే చోట, మునిగే ఫలకం నుంచి వెలువడిన నీరు రాతి ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. ఇలా అక్కడక్కడా పుట్టే శిలాద్రవమే అగ్నిపర్వతాలకు మూలం.

కాబట్టి ఇకపై ప్రచురించే చిత్రాల్లో ప్రావారాన్ని ఘనశిలగా చూపించి, కరిగిన భాగాలను ఫలకాల అంచుల వంటి చోట్లకే పరిమితం చేయవలసిందిగా కోరుతున్నాను. కొలతకు సరిపడేలా గీయలేకపోతే ఆ మాట బొమ్మ కిందనే రాయడం మంచిది. భూమి వ్యాసార్ధాన్ని పది సెంటీమీటర్లుగా గీస్తే, 35 కిలోమీటర్ల పటలం సుమారు అర మిల్లీమీటరు గీతే అవుతుంది.

భవదీయుడు,
భూగర్భశాస్త్ర అధ్యాపకుడు