కంది వేయమంటున్నారు సరే, ఉద్దెర ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

వానాకాలం ముందు మా దేవరకొండ వైపు అధికారులు రైతులతో సమావేశం పెడితే చాలు, ఒకటే మాట వినిపిస్తుంది: పత్తి తగ్గించండి, కంది, పెసర వేయండి. మాట మంచిదే. చెలకల్లో ఏటా పత్తి మీద పత్తి వేస్తే భూమి ఏమవుతుందో మాకూ తెలుసు. కానీ రైతుకు లెక్కలు రాక, మొండికి పోయి పత్తి వేస్తున్నాడన్నట్టు మాట్లాడితేనే ఒళ్లు మండుతుంది.

మా ఊళ్లలో చాలామందికి ఏ పంట వేయాలో తేల్చేది ఉద్దెర. మృగశిర కార్తె వచ్చేసరికి చేతిలో పైసలుండవు. ఎరువులు, పురుగుల మందుల దుకాణాయన పత్తి విత్తనాల ప్యాకెట్లు, డీఏపీ, ఆ తర్వాత పురుగుల మందులు అన్నీ ఖాతాలో రాసుకుని ఇస్తాడు, ఎందుకంటే దసరా దాటితే ఆ పత్తి తన కాంటా మీదికే వస్తుందని ఆయనకు తెలుసు. కందికి ఎరువూ మందూ తక్కువ కొంటాం, పంట చేతికొచ్చేసరికి సంక్రాంతి అవుతుంది. ఆయనకు అది బేరమే కాదు.

ఈ ఉద్దెర మీద నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. జూన్ మొదట్లో తెచ్చిన 50,000కు జనవరి ఆఖరుకు 12,000 మిత్తి. అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం, గడువులో కడితే 4 శాతమే, అంటే 1,300 చిల్లర. ఈ తేడా తెలియని రైతు లేడు. మరి బ్యాంకుకు ఎందుకు పోరంటే, పోతారు. పంట రుణం రెన్యువల్ కావాలంటే పాత బాకీ మొత్తం కట్టమంటారు, ఆ పైసలు రెండు మూడు రోజులకని బయట తెచ్చి కట్టి, బ్యాంకు కొత్త రుణం ఇవ్వగానే తీసి ఆ అప్పిచ్చినాయనకే ఇచ్చేస్తాం. చివరికి మిగిలేది కాగితం మీద కొత్త తేదీ. 2024లో 2 లక్షల వరకు మాఫీ అయింది కూడా బ్యాంకు బాకీయే, దుకాణం ఖాతా అలాగే ఉంది.

మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్ముకోవచ్చు కదా అంటారు. అక్కడ తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే తీసుకోరు. అయినా ఖాతా ఉన్నోడు పత్తిని ఆ దుకాణాయనకు కాకుండా ఇంకెక్కడికి తోలుతాడు?

కౌలు రైతుకైతే ఈ మాత్రం దారి కూడా లేదు. పాస్‌బుక్ భూమి ఆసామిది, పంట రుణం ఆసామికి, ఎకరాకు సీజన్‌కు 6,000 రైతు భరోసా పెట్టుబడి సాయం కూడా ఆసామికే (ఆ ఆసామి హైదరాబాద్‌లో ఉంటున్నా సరే). కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు, మా కౌలుదారుల చేతికి మాత్రం ఆ కార్డులు రావడం లేదు. భూమి పోతుందేమోనని ఆసాములు భయపడతారు, ఒప్పుకుంటాను, ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని ఊరూరా చెప్పాల్సింది అధికారులే.

మేమడిగేది పెద్దదేం కాదు. రోహిణి కార్తెలోపే రుణం చేతికివ్వండి, కౌలుదారులకు కార్డులివ్వండి. వచ్చే ఏడాది పత్తి తగ్గించమని చెప్పడానికి వచ్చేటప్పుడు బ్యాంకు మేనేజర్‌ను కూడా వెంటబెట్టుకుని రండి, కందికి ఎకరాకు ఎంతిస్తారో, ఏ తేదీకి ఇస్తారో అక్కడే చెప్పించండి.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా