మన్యం కొండల మీద ఆడవాళ్లు ఎక్కడికెళ్లాలి?

అయ్యా,

వలిసె పూలు పూసే రోజులొచ్చాయంటే మీ పత్రికలో అరకు ఫొటోలు మొదలవుతాయి. పసుపు ఆరబోసినట్టు చేలు, తెల్లారగట్ల లోయ నిండా మంచు, చేతులు పెనవేసుకుని థింసా ఆడే ఆడవాళ్లు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. ఆ ఫొటోల్లో పడని సంగతి ఒకటి చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. రాయడానికి కాస్త సిగ్గుపడే సంగతే, అందుకే ఇన్నాళ్లూ ఎవరూ రాయలేదేమో.

నేను కొత్తవలస - కిరండోలు లైన్లో గార్డుగా చేసి రిటైరైన మనిషిని. ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు పెట్టారు. పేరు పెరిగే వేళకి నేను ఇంటికొచ్చేశాను. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, అరకు... నిద్రలో లేపి అడిగినా వరస తప్పను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుపరాయిని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి 1960లలో వేసిన లైను ఇది, విహారయాత్రల కోసం వేసింది కాదు. ఈ లైను మీద 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఖాళీ గూడ్సు బండి ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, నిండు బండితో దిగేటప్పుడే బ్రేకుల మీద ప్రాణం పెట్టుకుని కూర్చోవాలి. 2017లో ప్యాసింజరుకి అద్దాల పెట్టె తగిలించాక ఈ దారంతా సెల్‌ఫోన్లకి ఎక్కింది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలేస్తారే, ఆ కేకలు మాత్రం మా రోజుల నుంచీ ఉన్నాయి.

అసలు విషయానికొస్తాను. కిందటి చలికాలం మా అక్క, మా మేనకోడలు, ఆవిడ ఇద్దరు ఆడపిల్లలు, నేను కలిసి మేఘాలు చూద్దామని పాడేరు వైపు ఒక కొండకి వెళ్లాం. కొండ పేరు చెప్పను. అలాంటివి మన్యంలో ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి, అన్నిచోట్లా ఇదే కథ. మా శృంగవరపుకోట నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరితే తెల్లారకముందే కొండ మొదట్లో ఉన్నాం. అప్పటికే వందకి పైగా బళ్లు. బొంగు చికెన్ పొగ, టీ మరిగే వాసన, పాటల హోరు. మనిషికింత, బండికింత అని టికెట్టు కోసి రసీదు చేతిలో పెట్టారు. ఇచ్చేశాం.

మా అక్కకి అరవై ఎనిమిదేళ్లు, షుగరు. కారు దిగి నా చెవిలో అంది: "నిన్న సాయంత్రం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదురా. దారిలో ఎక్కడ ఆగాలో తెలీక."

ఆ మాట నాకు కొత్త కాదు. ప్రయాణమంటే నీళ్లు మానేయడం మన ఇళ్లలో ఆడవాళ్లకి చిన్నప్పటి నుంచీ నేర్పకుండానే వస్తుంది. కానీ షుగరున్న మనిషి పన్నెండు గంటలు నీళ్లు తాగకుండా కొండెక్కడం ఏమిటి?

బళ్లు నిలిపే చోట ఓ పక్కగా రేకుల షెడ్డు ఉంది. మంచి రంగులతో ఆడమనిషి బొమ్మ, కింద 'మహిళలు' అని అక్షరాలు. తలుపుకి తాళం. తాళానికి తుప్పు. వెనక్కి వెళ్లి చూస్తే ప్లాస్టిక్ ట్యాంకు బోర్లా పడి ఉంది, దానికి గొట్టమే తగిలించలేదు. టికెట్టు కోసినవాళ్లని అడిగితే అది తమది కాదన్నారు. కట్టింది ఒకరు, వసూలు ఒకరిది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో. చివరికి మా మేనకోడలు చున్నీ తెరలా పట్టుకుంటే అక్కా పిల్లలూ వాలులో తుప్పల చాటుకి దిగారు. పైనుంచి ఎవడో కుర్రాడు దారి వెతుక్కుంటూ సెల్లు లైటు అటే వేశాడు. కావాలని వేశాడని అనను. చిన్నపిల్ల మాత్రం ఏడ్చింది. ఆ పూట మేఘాలు బాగానే వచ్చాయి, సూర్యుడూ బాగానే వచ్చాడు. పిల్ల ఫొటోకి నిలబడనంది.

దిగొచ్చాక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. కొట్టు నడిపేది ఆ కొండ కింది ఊరి మనిషే. తెల్లవారుజామున రెండింటికొచ్చి పొయ్యి ముట్టిస్తే పది దాకా అక్కడే. అక్క అడిగింది, మరి నీ సంగతేంటమ్మా అని. ఆవిడ గ్లాసులు కడుగుతూనే అంది: "మాకు ముందు నుంచీ కొండే కదమ్మా. ఇప్పుడు ఏ తుప్పలోకి ఎల్లినా ఎవరో ఒకరు ఫొటో తీసుకుంటన్నారు."

సంపాదకుడు గారూ, నేను వెళ్లింది నా అక్క బాధ రాద్దామని కాదు, వచ్చాక రాయాలనిపించింది ఈ మాట విన్నందుకు. వెళ్లినవాళ్లకి ఒక్క పూట ఇబ్బంది. అక్కడ పుట్టినవాళ్లకి ఉన్న చాటు కూడా మనం పట్టుకుపోయాం.

ఈ బాధ నాకెందుకు తెలుసంటే, గూడ్సు బండి చివర గార్డు కూర్చునే బ్రేకువ్యానులో మాకు మరుగుదొడ్డి ఉండేది కాదు. పది పన్నెండు గంటల డ్యూటీ. స్టేషన్లో ఆగితే ఆగినట్టు, లేకపోతే లేదు. రైళ్లలో మరుగుదొడ్ల గురించి ఓ పాత ఉత్తరం కూడా ఉంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు రైల్వే ఆఫీసుకి రాశాడు. పనసపండు ఎక్కువ తిని కడుపుబ్బి స్టేషన్లో పక్కకెళితే, ఈలోగా గార్డు ఈల వేశాడట. ఓ చేత్తో చెంబు, ఓ చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడ్డాడట. గార్డు అయిదు నిమిషాలు బండి ఆపలేదని ఆయన కోపం. ఆ ఉత్తరం తర్వాతే పెట్టెల్లో మరుగుదొడ్లు వచ్చాయని రైల్వేలో చెప్పుకుంటారు. ఆ గార్డు మా పూర్వీకుడే కాబట్టి, ఆ రుణం తీర్చుకోవడానికైనా ఈ ఉత్తరం నేనే రాయాలి.

డబ్బు లేదంటే నమ్మను. 2017 నవంబరులో అరకులో వేడిగాలి బెలూన్లు ఎగరేశారు. 2025 జనవరి ఆఖర్లో మూడు రోజులు చలి ఉత్సవం చేశారు. చేయొద్దని నేననడం లేదు. వేదికకీ దీపాలకీ డబ్బు దొరికినప్పుడు ఒక గొట్టానికి, ఒక తాళంచెవికి ఎందుకు దొరకదు? నీళ్లు లేవంటారా, మన్యంలో ప్రతి కొండకీ ఒక ఊటో గెడ్డో ఉంటుంది. ఊట నుంచి గొట్టం వేసుకుని మోటారు లేకుండా ఇళ్ల దాకా నీళ్లు దించుకున్న ఊళ్లు అక్కడే ఉన్నాయి. కొండ మొదట్లో బళ్లు ఆగే చోటుకి అలా దించలేరా?

ఆ మాటకొస్తే పండగలు అక్కడ ఎవరూ కొత్తగా పెట్టక్కర్లేదు. చైత్రంలో గిరిజనుల ఇటుకల పండగ వస్తుంది. విత్తనాలకి పూజ చేసి మగవాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్లని ఆపి పజోరు, అంటే పండగ మామూలు, అడుగుతారు. పదో ఇరవయ్యో ఇస్తే నవ్వి కర్ర ఎత్తుతారు. నేను డ్యూటీ దిగి సైకిలు మీద పోతున్నా వదిలేవారు కాదు. ఈ ముక్క చెప్పే బోర్డు ఘాట్ రోడ్డు మీద ఒక్కటీ లేదు. అందుకే పట్నం నుంచి వచ్చినవాళ్లు అదేదో దారిదోపిడీ అన్నట్టు వీడియోలు తీసి పెడుతున్నారు. కొండ మీదికి మనం కట్టిన టికెట్టుకి లెక్క చెప్పేవాళ్లు లేరు గానీ, పజోరు డబ్బులతో వాళ్లు ఊరంతా కలిసి విందు చేసుకుంటారు. మేలో పాడేరు మోదకొండమ్మ జాతర. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, అందులో సగం ఆడవాళ్లు. మే ఎండలో వాళ్లు కూడా నీళ్లు మానేసే నిలబడాలా?

విశాఖ వాళ్లకి వేరే ఇంకో మాట. బొర్రా దగ్గర పారే గోస్తని కిందికి వచ్చి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది. ఆదివారం ఆ వైపు కొండల మీద మనం చాటుగా వదిలేసి వచ్చింది, ఓ వానకి అటో ఇటో మన కుళాయి వైపే ప్రయాణం కడుతుంది. బొర్రా మెట్ల దగ్గర కోతులు లాగి చింపిన చిప్సు సంచులు కూడా అంతే.

అడిగేది ఎక్కువేమీ కాదు. ఎక్కడ మనిషికి టికెట్టు కోస్తారో అక్కడ నీళ్లొచ్చే మరుగుదొడ్డి తెరిచి ఉండాలి, అది లేని రోజు టికెట్టు కోయకూడదు. రాత్రి రెండింటికి జనం వస్తారని తెలిసినప్పుడు అక్కడ దీపం కూడా రెండింటికే వెలగాలి. తాళంచెవి ఎక్కడో ఉన్న కాంట్రాక్టరు దగ్గర కాకుండా ఆ ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ల చేతికివ్వండి. శుభ్రం చేసే పని ఉచితంగా చేయించొద్దు, టికెట్టు డబ్బులోంచి నెలజీతంగా ఇవ్వండి. ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో ఆ షెడ్డు గోడ మీదే సుద్దతో రాయొచ్చు. ఇది రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన అయిదో షెడ్యూలు ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకి పెద్దరికం ఇచ్చింది. బొర్రా చుట్టుపక్కల గనుల మీద మొదలైన గొడవే 1997లో, గిరిజన ప్రాంతంలో ప్రైవేటు వాళ్లకి గనుల లీజులు ఇవ్వకూడదన్న సుప్రీంకోర్టు సమత తీర్పు దాకా వెళ్లింది. తమ కొండ గురించి ఢిల్లీ దాకా వెళ్లగలిగినవాళ్లు ఒక మరుగుదొడ్డి నడపలేరని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

తొందరగా చేయాల్సిన పని కూడా ఇది. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకుల మీదుగా విజయనగరానికి 516ఈ జాతీయ రహదారి వెడల్పయిన కొద్దీ కార్లు ఇంకా పెరుగుతాయి. వలిసె చేలో ఫొటోకి రైతు పదో ఇరవయ్యో అడుగుతున్నాడని సణిగేవాళ్లని చూశాను. తొక్కిన మొక్కకి గింజ పట్టదు, ఆయన అడగడం న్యాయమే. అడగడం చేతగాక ఊరుకున్నది ఆ టీ కొట్టు మనిషి లాంటివాళ్లు.

మా మేనకోడలు పిల్లలు ఈ ఏడాది మళ్లీ వలిసె పూలకి వెళ్దామంటున్నారు. అక్కని కూడా రమ్మన్నాం. "ఆ తాళం తీశారేమో కనుక్కో, అప్పుడు చెబుతాను" అంది. కనుక్కోవడానికి ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. మీ పత్రిక చదివేవాళ్లలో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు జవాబు రాస్తే, ఆవిడకి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే గార్డు,
శృంగవరపుకోట