లోడు మీద ఎంతిస్తుంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో మనవాళ్ల పికప్ ట్రక్కుల మోజు గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ ‘ట్రైలర్ లాగేవాళ్లు డీజిల్ బండే కొనాలి, మైలేజీ రెట్టింపు వస్తుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది నమ్మి ఎవరైనా పది వేల డాలర్లు ఎక్కువ పోసి డీజిల్ ఇంజిన్ తీసుకుంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. ట్రైలర్ లాగే బండి నాకూ ఉంది, బంకు రసీదులు కూడా దాచుకున్నాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. గ్యాస్ ట్రక్కు అంటే మన ఆటోల్లా సీఎన్‌జీ బండి అనుకుని మా అత్తగారు చాలాకాలం భయపడ్డారు. అందుకని ఇందులో పెట్రోలు అనే రాస్తాను.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్యే బతికాడు. సెకండ్ హ్యాండ్ బండి బేరానికి వెళ్తే రెండే ప్రశ్నలు అడిగేవాడు. ‘ఖాళీగా ఎంతిస్తుంది? లోడు మీద ఎంతిస్తుంది?’ మొదటిదానికి జవాబు వినేవాడే కాదు, టైర్లు చూసుకుంటూ ఉండేవాడు. రెండోదానికి అమ్మేవాడు నీళ్లు నమిలితే టీ కూడా తాగకుండా లేచి వచ్చేసేవాడు. టెక్సాస్‌లో నేను కొత్త పికప్ కొనడానికి వెళ్లినప్పుడు ఆ రెండో ప్రశ్న అడిగాను. షోరూమ్ కుర్రాడు ‘అది డిపెండ్స్ సర్’ అని నవ్వాడు. బండి అద్దానికి అంటించిన కాగితం మీద మాత్రం గ్యాలన్‌కు 20 మైళ్లు (లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు) అని పెద్ద అక్షరాల్లో ఉంది. బాబాయి అయితే లేచి వచ్చేసేవాడు. నేను సంతకం పెట్టేశాను.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ మా ఆవిడా వారాంతాల్లో టిఫిన్ల ట్రైలర్ నడుపుతాం. పదహారు అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ముందు భాగం గోడలా నిలువుగా ఉంటుంది. దోశెల పెనం, గ్రైండర్, నీళ్ల ట్యాంకు, సిలిండర్లు అన్నీ సర్దాక కాటా వేయిస్తే 6,400 పౌండ్లు తూగింది. అంటే 2,900 కిలోలు. దాన్ని తగిలించుకుని మొదటిసారి మాకు దక్షిణాన ఉన్న ఆస్టిన్ బయల్దేరాం. పోను 220 మైళ్లు. టెంపుల్ ఊరు వచ్చేసరికే ముల్లు అడుక్కి దిగింది. మా ఆవిడ ‘ట్యాంకు కారుతోందేమో చూడండి’ అంది. నిజంగానే బండి కిందికి వంగి చూశాను. కారడం లేదు, తాగడమే.

పోయేటప్పుడు గ్యాలన్‌కు 8.2 మైళ్లు, వచ్చేటప్పుడు 9.9. మా వైపు గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. రానూపోనూ కలిపితే 9. మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. బాబాయి లారీ లోడు మీద ఇచ్చినంతే!

తర్వాతి నెలలో గుంటూరు మిత్రుడొకడు తన డీజిల్ పికప్‌కి ఇదే ట్రైలర్ తగిలించి, ఇదే దారిలో, నాలాగే గంటకు 70 మైళ్ల వేగంలో తీసుకెళ్లాడు. నేను పక్కన కూర్చున్నాను. 12.5 వచ్చింది. రెట్టింపు కాదు గానీ తక్కువేం కాదు, దాదాపు 40 శాతం ఎక్కువ. అంత తేడా ఎక్కడిదంటే, కొంత ఇంజిన్‌ది, కొంత ఇంధనానిది. గ్యాలన్ డీజిల్‌లో గ్యాలన్ పెట్రోలు కంటే 13 శాతం దాకా ఎక్కువ శక్తి ఉంటుంది. అంటే ఆ 40లో 13 డీజిల్ చిక్కదనం వల్ల వచ్చినదే. మిగతాది ఇంజిన్ గొప్పతనం. డీజిల్‌లో గాలిని ఎక్కువగా నొక్కుతారు, ఆ వేడికి ఇంధనం దానంతటదే అంటుకుంటుంది. ఎంత ఇంధనం చిమ్మితే అంత బలం, గాలి దారిని మూసి ఇంజిన్‌ను అదుపు చేయక్కర్లేదు. నాది టర్బో, అంటే లోపలికి గాలిని బలంగా ఊదే ఫ్యాను, ఉన్న చిన్న పెట్రోలు ఇంజిన్. ఖాళీగా తిరిగినప్పుడు పొదుపుగానే ఉంటుంది. బరువు పడి టర్బో పూర్తిగా ఊదడం మొదలుపెట్టాక మాత్రం లోపల వేడి తట్టుకోవడానికి అవసరం కంటే ఎక్కువ పెట్రోలు చిమ్ముకుంటుంది. ఆ పెట్రోలు బండిని లాగడానికి కాదు, ఇంజిన్‌ని చల్లబరచడానికి పోతుంది. ఖాళీ మైలేజీ చూసి లోడు మైలేజీ ఊహించలేం అనేది ఇందుకే.

ఇక డబ్బుల సంగతి. మేం పోయించిన రోజుల్లో పెట్రోలు గ్యాలన్ 2.80 డాలర్లు, డీజిల్ 3.50. డీజిల్ మీద కేంద్ర పన్నే 24.4 సెంట్లు, పెట్రోలు మీద 18.4. రానూపోనూ 440 మైళ్లకు నాకు 49 గ్యాలన్లు పట్టింది, 137 డాలర్లు. మిత్రుడికి 35 గ్యాలన్లు, 123 డాలర్లు. అంటే గ్యాలన్లలో 14 తగ్గితే డాలర్లలో కూడా మిగిలింది 14. పొగ శుభ్రం కావడానికి విడిగా పోయాల్సిన యూరియా ద్రవం ఖర్చు అందులోంచే తీయాలి. భారీ పికప్‌లలో అదే బండికి పెట్రోలు బదులు డీజిల్ ఇంజిన్ కావాలంటే దాదాపు పది వేలు ఎక్కువ. నెలకు రెండు ట్రిప్పులు తిరిగే మాలాంటి వాళ్లకు ఏడాదికి మిగిలేది 336 డాలర్లు. ఆ పది వేలు తిరిగి రావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. అప్పటికి దోశెలు పోసే ఓపిక మాకుండదు, ఆ బండీ ఉండదు. అదే పికప్‌తో సరుకు రవాణా చేస్తూ ఏడాదికి 80 వేల మైళ్లు లోడు మీద తిరిగేవాడికైతే నాలుగేళ్లలో తిరిగొస్తుంది. అతనికి డీజిలే సరైన బండి. 2022 జూన్‌లోలాగా పెట్రోలు 5 డాలర్లు, డీజిల్ 5.80 అయిన రోజుల్లో ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. కొండ దిగుడులో బ్రేకులు కాలకుండా ఇంజినే బండిని ఆపి పట్టడం, ఎత్తులో ఆయాసపడకుండా లాగడం లాంటి సుఖాలు డీజిల్‌లో ఉన్నాయి, కాదనను. ఆ సుఖానికి డబ్బు పెడుతున్నామని తెలిసి పెడితే తప్పులేదు. మైలేజీలో తిరిగొస్తుందని పెడితేనే బాధ.

అయ్యా, అసలు నా ఫిర్యాదు మీ కథనం మీద కూడా కాదు, ఆ అద్దం మీది కాగితం మీద. కొత్త కారు అద్దానికి ధరల కాగితం అంటించాలని 1958లో ఇక్కడ చట్టం చేశారు. ఓక్లహామా సెనేటర్ మైక్ మన్రోనీ తెచ్చాడు కాబట్టి ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మైలేజీ అంకెలు తర్వాత వచ్చి చేరాయి. ఆ అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద బండిని నడిపి తీసినవి. డ్రైవరూ సామాన్లూ కలిపి 300 పౌండ్లు ఉన్నట్టు లెక్క. వెనక ట్రైలర్ ఉండదు. ఇంకా విచిత్రం, బండి మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు అసలు మైలేజీ కాగితమే అక్కర్లేదు. మా మిత్రుడి డీజిల్ బండి అద్దం మీద ఆ గడే లేదు. లాగడానికే పుట్టిన బండి, లాగడానికే కొంటారు, దానికే మైలేజీ రాయరు!

కొలవడం కుదరదా అంటే, కుదురుతుంది. 2011లో పర్యావరణ సంస్థ ఈపీఏ, రవాణా శాఖ కలిసి భారీ పికప్‌లకు ఇంధన నిబంధనలు పెట్టినప్పుడు, మోయగలిగిన బరువులో సగం ఉన్నట్టు పరీక్షించమన్నాయి. బండి ఎంత లాగగలదన్నది కూడా ఆ లెక్కలోకి తీసుకున్నాయి. అంటే లోడు సంగతి కంపెనీకి తెలుసు, సర్కారుకి తెలుసు, కొనేవాడికే తెలియదు. లాగే శక్తికి అయితే జే2807 అని ఒక ప్రామాణిక పరీక్షే ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, ట్రైలర్‌తో వేగం 40 మైళ్లకు తగ్గకుండా ఉండాలి. ఇంత చేసినవాళ్లు ఆ దారిలో ఎన్ని గ్యాలన్లు తాగిందో కాగితం మీద వేయలేరా? ట్రైలర్లు రకరకాలుగా ఉంటాయి, ఒక్క అంకె ఎలా చెప్తాం అని కంపెనీల వాదన ఉండొచ్చు. ఊళ్లో నడిపే తీరు కూడా మనిషి మనిషికీ మారుతుంది, అయినా దానికో అంకె వేస్తున్నారుగా. ఫలానా బరువు, ఫలానా ఎత్తు ట్రైలర్‌తో, 65 మైళ్ల వేగంలో ఇంత అని ఒక్క వరుస చాలు. బండికీ బండికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈపీఏ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడల్లా జనం అభిప్రాయాలు అడుగుతుంది, ఎవరైనా రాయొచ్చు. ఇక్కడ ఓటున్న మనవాళ్లు తమ కాంగ్రెస్ సభ్యుడికీ ఒక ముక్క రాయొచ్చు. మీకు నా విన్నపం ఇంకా చిన్నది. ఇకముందు మీ పత్రికలో సరుకు బండి గురించి రాసినప్పుడు, అది డాలస్‌లోది అయినా దాచేపల్లిలోది అయినా, మైలేజీ అని ఒక్క అంకె వేయకండి. ఖాళీగా ఎంత, లోడు మీద ఎంత అని రెండూ వేయండి. కంపెనీ రెండోది చెప్పకపోతే, చెప్పలేదని వేయండి.

నాకైతే కాగితం కంటే ముందు గాలే పాఠం చెప్పింది. 60 మైళ్ల వేగంలో కంటే 70లో గాలి మూడోవంతుకు పైగా ఎక్కువ బలంతో అడ్డుకుంటుంది. ట్రైలర్ టైర్ల మీద 65 మైళ్లు దాటొద్దని రాసి ఉందని కూడా ఆ తర్వాతే చూసుకున్నాను. ఇప్పుడు 60 దాటడం లేదు, పెట్రోలు బండే 10.7 ఇస్తోంది. రూపాయి ఖర్చు లేదు. కాకపోతే శనివారం నాలుగున్నరకు బదులు నాలుగింటికే లేవాల్సి వస్తోంది, మా ఆవిడ దానికి ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్