కారని జాయింటు గురించి

తల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పడవ ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు బయటి నుంచి వచ్చే వాల్వ్ మీద నాజిల్ (హోస్ ఎక్కే గొట్టం) ఒక సైజు, ఆ నీళ్లను లాగే పంపు నోరు ఇంకో సైజు. పంపు దగ్గర హోస్ వదులుగా ఉందని లోపల టేపు చుట్టి, పైన క్లిప్పును రబ్బరు తెగేలా బిగించారెవరో. దాన్ని అలాగే ఉంచి పడవ తియ్యకు.

"నీళ్లు కారడం లేదు కదా నాన్నా" అని రాశావు. నా టెన్షన్ అదే. ఆ జాయింటు పంపుకు ముందుంది, పైగా నీటిమట్టానికి పైనుంది. అక్కడ నీళ్లను పంపు పీల్చుకుంటుంది. సందు ఉంటే చుక్క కూడా బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పంపులో తిరిగే రెక్కల చక్రం, ఇంపెల్లర్, రబ్బరుది. నీళ్లు లేకుండా తిరిగితే కాసేపటికే రెక్కలు ఊడతాయి. ఆ ముక్కలు ముందుకు పోయి ఇంజిన్ వేడిని ఈ నీళ్లకు వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఇరుక్కుంటాయి. ఇంజిన్ వేడెక్కాక వాటిని ఏరడం నరకం.

ముందు వాల్వ్ మూసెయ్. ఇంజిన్ తాళంచెవి దాని హ్యాండిల్‌కే తగిలించు. అప్పుడు తెరవడం మర్చిపోయి స్టార్ట్ చేసే ప్రమాదం ఉండదు.

తర్వాత కొలవాలి. హోస్ సైజంటే లోపలి వ్యాసం. థ్రెడ్, అంటే ఫిట్టింగ్ మీది మర, దాని సంగతి వేరు. బీఎస్‌పీ అంటే బ్రిటిష్ పైపు మర; ముప్పావు అంగుళం బీఎస్‌పీ థ్రెడ్ బయట కొలిస్తే 26 మి.మీ. పైనే వస్తుంది. అది చూసి అంగుళం అనుకుని చాలామంది తప్పు ఫిట్టింగ్ కొంటారు. ఇంకో తిరకాసు, బీఎస్‌పీకి, అమెరికన్ మర ఎన్‌పీటీకి అర, ముప్పావు అంగుళాల్లో అంగుళానికి 14 చుట్లే. అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కేస్తుంది. మర గాడి కోణాలు మాత్రం వరుసగా 55, 60 డిగ్రీలు. కాస్త తిరిగి బిగుసుకుంటుంది కానీ సరిగ్గా కూర్చోదు. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా అంతే. కాబట్టి స్పానర్ పట్టకముందు చేత్తో తిప్పి చూడు. ఒకటి రెండు చుట్లకే పట్టేస్తే వెనక్కి తీసెయ్.

నా మాట విని వాల్వ్ మీది నాజిలే మార్చు. పంపు నోటి సైజుదే పెట్టు, అంతకన్నా సన్నంది వద్దు. కంచుదైతే మంచిది. మామూలు ఇత్తడిలో జింక్‌ను ఉప్పునీరు తినేస్తుంది. పైకి దిట్టంగానే కనిపిస్తుంది, గీకితే గులాబీ రంగు తేలుతుంది. అలాంటిది ఒక్క తన్నుకే విరుగుతుంది.

హోస్ లోపల తీగ చుట్ట ఉన్నదే కొను, లేకపోతే పీల్పుకు నొక్కుకుపోతుంది. చివర తిన్నగా కోసి, వేడినీళ్లలో ముంచి, కాస్త సబ్బునీళ్లు రాస్తే ఎక్కుతుంది. గ్రీజు వద్దు. నాజిల్ పొడవుంటే స్టెయిన్‌లెస్ క్లిప్పులు రెండు వెయ్, మరీ అంచు మీద కాకుండా.

వాల్వ్ తెరిచి స్టార్ట్ చేశాక ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయా చూడు. నీళ్లలో చెత్త ఆపే జల్లెడ, స్ట్రెయినర్, దాని మూత అద్దంలో బుడగలు ఆగకుండా వస్తుంటే ఇంకా ఎక్కడో గాలి లాగుతోందన్నమాట.

ఏదీ కొనకముందే కొలతలు నాకు పంపు. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

నాన్న