ఒక్క ఆర్డరుకు మూడు కోతలు

సంపాదకులు గారికి,

ఆన్‌లైన్‌లో కిరాణా కొనేవాళ్లు బాగా పెరిగారని మీరు పోయిన ఆదివారం వేసిన వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను. బ్యాంకుకీ, సరుకులు పంపిన కంపెనీకీ ఫోన్లు చేసుకోవడంలోనే నాలుగు రోజులు పోయాయి. మీ వార్తలో డెలివరీ ఎంత తొందరగా వస్తోందో రాశారు, ఆఫర్ల గురించి రాశారు. కొన్నవాళ్ల డబ్బు రోజుల తరబడి ఇరుక్కుపోతున్న సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు.

నా సంగతే చెబుతాను. నెల సరుకులకు ఆర్డర్ పెట్టాను. పేమెంట్ దగ్గర కాసేపు తిరిగి తిరిగి 'ఫెయిల్' అని వచ్చింది. మళ్లీ నొక్కితే ఆర్డర్ వెళ్లింది. ఫోన్‌లో రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండిట్లోనూ డబ్బు డెబిట్ అయిందనే ఉంది. సాయంత్రం మరిచిపోయిన వస్తువు ఒకటి అదే ఆర్డర్‌లో కలిపాను. తేడా డబ్బే తీసుకుంటారనుకుంటే, మొత్తం బిల్లుకి ఇంకోసారి హోల్డ్ పెట్టారు, అంటే ఖాతాలోనే ఉన్నా నేను వాడుకోకుండా ఆ డబ్బు ఆపి ఉంచారు. సరుకులు ఒక్కసారే వచ్చాయి, ఖాతాలో మూడుసార్లు కోత పడింది. రెండు రోజులకి ఇంటి అప్పు కిస్తీ బౌన్స్ అయింది. దానికి బ్యాంకు చార్జీ వేసింది. నా డబ్బు నా ఖాతాలోనే ఉండి కూడా నాకు అక్కరకు రాలేదు.

కంపెనీ వాళ్లనడిగితే 'మేం ఒక్క బిల్లే తీసుకున్నాం, మిగతాది బ్యాంకు చూసుకోవాలి' అన్నారు. బ్యాంకు వాళ్లు 'అది హోల్డ్ అమ్మా, వ్యాపారి రిలీజ్ చేయాలి' అన్నారు. నేను పాతికేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ మాటకి అర్థం తెలుసు. తెలియనివాళ్లు ఎవరి మీద పడి ఏడవాలి?

చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఇది. కార్డుతో ఆర్డర్ పెట్టగానే కంపెనీ డబ్బు తీసుకోకపోవచ్చు. ముందు బ్యాంకు దగ్గర ఆథరైజేషన్, అంటే అనుమతి తీసుకుంటుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెడుతుంది, అదే హోల్డ్. సరుకులు తూచి, ప్యాక్ చేశాక వచ్చేదే అసలు బిల్లు. తూకం సరుకులు కాస్త అటూ ఇటూ అవుతాయని, లేని వస్తువు బదులు ఇచ్చేది ఖరీదెక్కువ కావచ్చని, కొన్ని కంపెనీలు కొంచెం ఎక్కువే హోల్డ్ పెడతాయి. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఆర్డర్ మార్చినప్పుడు కొత్త హోల్డ్ పెట్టి పాతదాన్ని రద్దు చేయకుండా ఉంచేయడమే తప్పు. రద్దు చేస్తున్నామని కంపెనీ బ్యాంకుకి రివర్సల్ పంపకపోతే ఆ హోల్డ్ గడువు తీరేదాకా అలాగే కూర్చుంటుంది. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. కార్డు లావాదేవీల సందేశాలకు ఐఎస్ఓ 8583 అనే ప్రమాణం 1987లోనే వచ్చింది. అందులో రివర్సల్‌కి విడిగా సందేశం ఉంది. పంపాలన్న శ్రద్ధే లేదు.

ఇంకో తిప్పలుంది. హోల్డ్ పడినప్పుడు డెబిట్ అని మెసేజ్ వస్తుంది, తీసేసినప్పుడు మాత్రం చాలాసార్లు ఏ మెసేజూ రాదు. స్టేట్‌మెంట్‌లో జమ కూడా కనపడదు, ఎందుకంటే ఆ డబ్బు అసలు బయటికి పోనేలేదు. 'రీఫండ్ చేశాం' అని కస్టమర్ కేర్ వాళ్లు చెప్పేస్తారు, మనం లేని జమ కోసం స్టేట్‌మెంట్ అంతా గాలిస్తాం. నిజంగా రీఫండ్ అయితే రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అది అడగండి. హోల్డ్ తీసేశామంటే ఏ తేదీన తీశారో రాతపూర్వకంగా అడగండి. రెండూ ఒకటి కాదు.

క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకి హోల్డ్ వల్ల లిమిట్ తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డుతో కొనేవాళ్లకి బ్యాలెన్సే తగ్గిపోతుంది. జీతం నుంచి జీతానికి బతికేవాళ్లకి వారం రోజులు డబ్బు ఆగితే అప్పు చేయాల్సి వస్తుంది. ఈ బాధ ఎక్కువగా పడేది వాళ్లే. ఫోన్ పట్టుకుని గంటసేపు ఇంగ్లిష్‌లో వాదించలేనిదీ వాళ్లే.

రెండోసారి నొక్కితే రెండో కోత పడకుండా ఆపే పద్ధతి కూడా ఉంది. ప్రతి ఆర్డరుకీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో మళ్లీ అడిగితే కొత్త పేమెంట్ కాదని సిస్టమ్ పసిగట్టేలా చేయడమే. పేమెంట్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లందరికీ తెలిసినదే ఇది. అయినా పెట్టరు. 'బటన్ రెండుసార్లు నొక్కకండి' అని మనకే బుద్ధులు చెబుతారు.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. ఆన్‌లైన్ పేమెంట్‌లో ఖాతా నుంచి డబ్బు పోయి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే అయిదు రోజుల్లో వెనక్కి వేయాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి, అదీ కస్టమర్ అడగకుండానే ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. అడగకుండా పరిహారం అందినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ లేరు. పైగా ఆ రూల్ ఫెయిలైన పేమెంట్‌కే. వ్యాపారికి నిర్ధారణ అంది, హోల్డ్ మీద హోల్డ్ పడితే దాని కిందకి రాదు. యూరప్‌లో 2015లో తెచ్చిన పేమెంట్ చట్టం ఈ విషయం నేరుగా పట్టించుకుంది. బిల్లు ముందుగా తెలియనప్పుడు కస్టమర్ ఒప్పుకున్న కచ్చితమైన మొత్తమే హోల్డ్ పెట్టాలి, అసలు మొత్తం తెలిశాక అనవసరంగా ఆలస్యం చేయకుండా మిగతాది వదిలేయాలి. ఇంత చిన్న వాక్యం మన రూల్స్‌లో రాయడానికి అడ్డమేమిటి?

ఫిర్యాదు చేద్దామంటే ముందు బ్యాంకుకి రాసి 30 రోజులు చూడాలి, ఆ తర్వాతే అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అధికారి. ఈలోగా కిస్తీ ఆగదు, చార్జీ ఆగదు. మా రోజుల్లో లెడ్జర్‌లో పొరపాటు పడితే సాయంత్రం లెక్క కుదిరేదాకా ఎవరం ఇంటికెళ్లేవాళ్లం కాదు. ఇప్పుడు తప్పు దొరికినా ఇది నాది అనే మనిషి దొరకడు. చాట్‌లో సమాధానం చెప్పేది మనిషో మెషీనో తెలియదు. మూడు ప్రశ్నలడిగితే 'మీ సమస్య పరిష్కారమైంది' అని చాట్ మూసేస్తుంది. పెద్ద అధికారులేమో డిజిటల్ చెల్లింపులు ఎన్ని జరిగాయో లెక్కలు చెబుతారు. ఎన్ని హోల్డ్‌లు ఎన్ని రోజులు ఇరుక్కున్నాయో కూడా బ్యాంకుల చేత, కంపెనీల చేత ప్రకటింపజేయాలి. పేమెంట్ పేజీలోనే ఎంత హోల్డ్ పెడుతున్నారో, ఎప్పుడు తీస్తారో రాయించాలి. హోల్డ్ వల్ల కిస్తీ బౌన్స్ అయితే ఆ చార్జీ కారణమైనవాళ్లే కట్టాలి.

నేను ఆర్డర్ పెట్టి ఇవాళ్టికి పదకొండో రోజు. ఆర్డర్ మార్చకముందు పెట్టిన హోల్డ్ ఎనిమిదో రోజున పోయింది. ఫెయిలైన పేమెంట్ డబ్బు ఇంకా రాలేదు. బౌన్స్ చార్జీ గురించి రాసిన రెండు మెయిళ్లకీ జవాబు లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని